చీర రెండో కొస

నయాపూల్ దాటి పత్తర్‌గట్టి వైపు నడుస్తుంటే ఎడమ చేతి పక్కన కొత్త బజారొకటి వచ్చింది. చూసే ఉంటారు. పైన కప్పు లేదు, ముందు గోడ లేదు. మధ్యలో నాపరాళ్ళు పరిచిన ఆవరణ, చుట్టూ గాజులవాళ్ళు, అత్తరువాళ్ళు, చెప్పులవాళ్ళు. తలెత్తితే ఆకాశం. సాయంత్రమైతే ఫోటోలు దిగేవాళ్ళతో కాలు పెట్టడానికి సందుండదు.

ఆ ఆవరణ వెనక మూలన ఒక చీరల దుకాణం ఉంది. రాత్రి కట్టేసే వేళకు వెళ్ళి చూడండి. ఆ దుకాణంవాడు ఒక్కడే నిలబడి చీర మడత పెట్టడు. పక్క దుకాణంలోంచి ఎవరినో ఒకరిని కేకేస్తాడు. ఎవరూ రాకపోతే… చీరల్ని అలాగే ఉండ చుట్టి లోపల పడేసి, షట్టరు దించి, వెనక్కి చూడకుండా పోతాడు.

ఎందుకని అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు. నేను చెబుతాను.

నా పేరు వేణుమాధవ్. ఆ బజారుకు నక్షాలు గీసిన ఆఫీసులో పని చేస్తాను. మా నాన్నగారు గుంటూరు నుంచి సర్కారు ఉద్యోగం మీద ఈ ఊరొచ్చారు, నేను ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. ఈ రెండూ వేరు వేరు సంగతులని ఎంత చెప్పినా మా ఆవిడ ఒప్పుకోదు.

ఈ సంగతి నాకు చెప్పినవాడు బాలరాజ్. పాత కట్టడం కూల్చే పనికి సైటు మీద పెద్ద. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, గౌలిపురాలో ఉంటాడు, అబద్ధం చెప్పడానికి కూడా బద్ధకించే మనిషి. అందుకే నాకీ బాధ. వేరెవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

*

బజారు రాకముందు అక్కడ నౌబహార్ స్టోర్స్ ఉండేది. కింద సబ్బులు, స్టీలు సామాను. మొదటి అంతస్తులో మగవాళ్ళ బట్టలు. రెండో అంతస్తులో చీరలు. మూడోది గోదాము. ఒకప్పుడు పెళ్ళి బట్టలకు జనం జిల్లాల నుంచి బండ్లు కట్టుకొచ్చేవాళ్ళు. తర్వాత మాల్స్ వచ్చాయి, ఫోనులోనే చీర కొనే రోజులు వచ్చాయి. నౌబహార్ మూతపడింది. తొమ్మిదేళ్ళు అలా మూసే ఉంది.

మూసిన దుకాణానికి పేరు పడింది. మంచి పేరు కాదు.

ఎదురుగా టీ కొట్టు ఖాజా భాయ్‌ది. నేను కొలతలకని మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"రాత్ కో ఊపర్ సాడియాఁ ఝటక్తే సాబ్… ఫట్… ఫట్… దూస్రే మాలే పే."

రెండో అంతస్తులో రాత్రిపూట ఎవరో చీరలు విదిలిస్తున్నారట.

పట్టుచీర మడతకు ఇద్దరు కావాలి. ఒకరు ఈ కొస, ఇంకొకరు ఆ కొస. బిగించి పట్టుకుని ఇద్దరూ ఒక్కసారి విదిలిస్తారు. ఫట్ మంటుంది, ముడతలు పోతాయి. తర్వాత ఎదురెదురు నడిచి మధ్యలో కలుస్తారు. ఒకరు తమ కొసను రెండోవాళ్ళ చేతిలో పెడతారు. నౌబహార్‌లో రోజంతా కొనేవాళ్ళు విప్పించిన చీరలు రాత్రికి ఇలా మడత పడాల్సిందే. ఆఖరి చీర అయ్యేదాకా ఆ అంతస్తు ఆడవాళ్ళు ఇంటికి పోకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. చీరల అంతస్తులో ఎవరూ కేకలేయకూడదు. మెట్ల దగ్గర నిలబడి ఎవరు పిలిచినా ఉన్నచోటి నుంచి పలక్కూడదు. మర్యాదస్తులొచ్చే దుకాణమని సేఠ్ పట్టింపు.

ఆ అంతస్తులో కాశమ్మ, లలితమ్మ అని ఒక జోడీ. కాశమ్మ పెద్దది, ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని ఉండేది. లలితమ్మ చిన్నది. ఒకరు లేకుండా ఒకరు మడత పెట్టేవాళ్ళు కాదు.

ముప్ఫై రెండేళ్ళ కిందటి మాట. రంజాన్ చివరి రోజులు, తెల్లవారుజాము దాకా బేరాలు. ఆ రాత్రి లలితమ్మ ఆరేళ్ళ కొడుక్కి జ్వరం ముదిరి కళ్ళు తేలేస్తున్నాడని ఇంటి నుంచి కబురొచ్చింది. ఆమె అటూ ఇటూ తేల్చుకోలేక నిలబడింది. మడత పెట్టాల్సిన చీరలు గుట్టలా ఉన్నాయి.

"నువ్వు పోయే. పోరని చూస్కో," అంది కాశమ్మ. "నేను జూస్కుంట."

లలితమ్మ పోయింది. కాశమ్మ రెండో కొసను అల్మారా మేకుకు కట్టి ఒక్కతే మడత పెట్టింది. ఇద్దరూ వెళ్ళిపోయారనుకుని కిందివాళ్ళు షట్టరు దించేశారు.

పొద్దున తెరిచి చూస్తే చీరలన్నీ మడతపడి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని కొస పట్టుకుని కాశమ్మ అల్మారాకి ఆనుకుని కూర్చుంది. గుండె ఆగి అప్పటికే చాలా సేపయిందన్నారు డాక్టర్లు.

లోకం దీనికి తోక కలిపింది. రాత్రి ఆ అంతస్తుకు పోతే చీకట్లో మన చేతిలో చీర కొస పెడుతుందట. పట్టుకున్నామా… ఇక వదలదట.

జ్వరమొచ్చిన ఆ పిల్లవాడు బాలరాజే.

*

నౌబహార్‌ను కూల్చి బజారు కట్టే పని ఒక కాంట్రాక్టరుకు దక్కింది. వాళ్ళు బాలరాజ్‌ను సైటు మీద పెట్టారు. వాళ్ళకు ఈ కథ తెలియదు. బాలరాజ్‌కు తెలుసు, కానీ నోరు విప్పలేదు. దెయ్యమంటే భయమని చెప్పి పని మానేసిన సూపర్‌వైజర్‌ను ఇంకెవరు పిలుస్తారు?

మా నక్షా ప్రకారం పక్క గోడలు రెండు ఉంచి కప్పులన్నీ తీసెయ్యాలి. పగలు ఆ వీధిలో సైకిలే దూరదు, మట్టి లారీ ఎక్కడ దూరుతుంది? కాబట్టి కూల్చే పని మొత్తం రాత్రి పన్నెండు దాటాకే.

గోదాము అంతస్తు తీసేసేదాకా ఏ గొడవా లేదు. ఆ తర్వాత కూలీలు రెండో అంతస్తులో అడుగుపెట్టారు. అక్కడ అమ్ముడుపోని చీరల మూటలు పడున్నాయి, ఎలుకలు కొట్టినవి, రంగు వెలిసినవి. పనికొచ్చేదేమైనా దొరుకుతుందేమోనని కూలీలు మూటలు విప్పి, చూసి, చీరల్ని నేల మీద చెల్లాచెదరుగా విసిరేసి పోయారు.

మర్నాడు వచ్చి చూస్తే అన్నీ మడతపెట్టి ఉన్నాయి.

గోడవారగా, వరసగా, అంచుకు అంచు కలిపి.

తమలో తామే ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని మళ్ళీ విసిరేశారు. మర్నాడు మళ్ళీ మడతలు. మూడో రోజుకు సగంమంది సంచులు సర్దుకున్నారు. మిగిలినవాళ్ళు బాలరాజ్ ముందు నిలబడ్డారు.

"అన్నా, బయట ఏం పనన్న చెప్పు చేస్తం. గా రెండో అంతస్తుల మాత్రం అడుగు పెట్టం."

బాలరాజ్ నాకు ఫోను చేశాడు. నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ధైర్యం చెప్పాను.

"దుమ్ముకు అడ్డంగా ముందర కట్టిన పచ్చ వల గాలికి కొట్టుకుంటోందయ్యా. అదే ఆ చప్పుడు."

"మరి మడతలు సార్?"

"ఎవడో తాగుబోతు లోపల పడుకుంటున్నాడు. పొద్దుపోక పెడుతున్నాడు."

బాలరాజ్ "గట్లనే ఉంటది లెండి సార్," అన్నాడు. నేను చెప్పింది నాలాగే అతనూ నమ్మలేదు.

ఇంట్లో అతనికి వేరే చికాకులు. లలితమ్మకు ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా మతిమరుపు. ఉప్పేసిన కూరలో మళ్ళీ ఉప్పేస్తుంది, కోడలు ఆండాలును పట్టుకుని "నువ్వెవరి బిడ్డవమ్మా" అని అడుగుతుంది. నౌబహార్ కూలుస్తున్నారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడిగితే మాత్రం ఆ దుకాణంలో ఏ అల్మారాలో ఏ రకం చీరలుండేవో గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఒక పొద్దున డ్యూటీ దిగి ఇంటికెళ్తే ఆండాలు విసుక్కుంది.

"నీ సైటు బట్టలు బయటనే ఇడువమంటే ఇనవు. అత్తమ్మ కాళ్ళు జూడు, రోజు పొద్దుగాల లేస్తే గిట్ల తెల్లగనే ఉంటున్నయ్."

సున్నం దుమ్ము. తన బట్టల నుంచే రాలిందనుకుని బాలరాజ్ తడిగుడ్డతో తల్లి పాదాలు తుడిచాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

*

రెండో అంతస్తు పైకప్పు పడగొట్టాల్సిన రాత్రి వచ్చింది.

ఆ కప్పు మొత్తం ఒక్కసారే కిందికి దిగాలి. దానికోసం వీధి మూయడానికి ఒక్క రాత్రికే అనుమతి దొరికింది. నాలుగు గంటల కల్లా దారి వదిలెయ్యాలి. సాయంత్రమే ముందరి పచ్చ వల విప్పేశారు. బ్రేకర్ మెషిన్ వచ్చి చేయి ఎత్తుకుని నిలబడింది. దాన్ని నడిపే కుర్రాడు విశాల్.

కూల్చే ముందు ఒక పద్ధతి ఉంటుంది. సైటు పెద్ద ప్రతి అంతస్తూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిరిగి, లోపల ఎవరూ లేరని కళ్ళతో చూడాలి. చూశాక మెట్ల కిటికీ దగ్గరికొచ్చి టార్చి మూడుసార్లు వెలిగించి ఆర్పాలి. మూడు వెలుగులు పడితే ఖాళీ అని అర్థం. ఆ తర్వాత మెషిన్ ఎవరి కోసమూ ఆగదు.

బాలరాజ్ ఒంటిగంటన్నరకు లోపలికి వెళ్ళాడు. కరెంటు ఎప్పుడో తీసేశారు. కింది అంతస్తు తిరిగాడు. మొదటి అంతస్తు తిరిగాడు. రెండో అంతస్తు మెట్లెక్కాడు.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

లోపల చీకటి. తలుపు లేదు. ఫోను టార్చి వేస్తే ముందరి రెండు స్తంభాల దాకా వెలుగు పోయింది, ఆ వెనక ఏమీ కనపడలేదు. కాశమ్మ చచ్చిపోయింది ఈ గుమ్మం అవతలే. తన జ్వరం వల్లే ఒంటరిగా చచ్చిపోయింది. ఇంకెవరి చేతిలో కొస పెట్టినా పెట్టకపోయినా, తన చేతిలో మాత్రం తప్పకుండా పెడుతుందనుకున్నాడు.

అక్కడి నుంచే కేకేశాడు.

"ఎవరన్న ఉన్నరా?… కోయీ హై?"

జవాబు లేదు.

"కోయీ హై?"

లేదు.

ఎవరూ లేరు. ఉంటే పలికేవాళ్ళు కదా. అతను వెనక్కి రెండడుగులు వేసి, మెట్ల కిటికీలోంచి టార్చి చాపాడు. ఒకటి. రెండు. మూడు.

కింద మెషిన్ గుర్రుమంది.

బాలరాజ్ గబగబా మెట్లు దిగబోయాడు. నాలుగు మెట్లు దిగాడో లేదో…

ఫట్.

ఆగిపోయాడు. గాలి లేదు. వల లేదు, సాయంత్రం తన చేతులతోనే విప్పించాడు.

ఫట్.

అతనికి పారిపోవాలనిపించింది. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు కూడా తల దించుకున్నాడు. కానీ ఇంకో ఆలోచన కాళ్ళకు అడ్డం పడింది. సార్ చెప్పినట్టు ఎవడో తాగుబోతు అయితే? లోపల ఉన్నది ఊపిరి ఉన్న మనిషైతే? తను తిరిగి చూడలేదు. చూసినట్టు మూడు వెలుగులు వేశాడు.

విశాల్‌కు ఫోను కలిపాడు. మోగుతోంది… మోగుతోంది… మెషిన్ రొదలో వాడికి వినపడలేదు. పరుగెత్తి కిందికి పోయి ఆపేంత టైము లేదు. ఎత్తిన చేయి అప్పటికే కప్పు వైపు కదులుతోంది.

బాలరాజ్ వెనక్కి తిరిగి గుమ్మం దాటాడు.

*

"ఎవరు?" అన్నాడు.

స్తంభాలు దాటాడు. ఫోను టార్చి వెలుగులో గోడవారగా మడతలు కనిపించాయి. ఇంకో నాలుగడుగులు వేశాడు.

పైన మొదటి దెబ్బ పడింది. భవనం అదిరింది. సున్నం నెత్తి మీద రాలింది, చేతిలో ఫోను జారి బోర్లా పడింది. వెలుగు నేలకు అంటుకుపోయింది.

కటిక చీకటి.

వంగి వెతుకుతున్నాడు. నేల మీద చేతులు తడుముతున్నాడు. అప్పుడు చెవి పక్కన… చాలా దగ్గరగా… ఎవరో ఊపిరి వదిలారు. లవంగం వాసన వేసింది.

"కొస… పట్టు."

చటుక్కున వెనక్కి జరగబోయాడు.

అతని కుడిచేతిలో ఏదో పెట్టారు. మెత్తగా ఉంది. జరీ అంచు వేళ్ళకు గీసుకుంది. చీర కొస.

చేయి విదిల్చుకోబోయాడు. వేళ్ళు తెరుచుకోలేదు. భయంతో బిగుసుకుపోయాయో, ఇంకెందుకో… అతనికీ తెలియదు. ఒక్కసారి గట్టిగా వెనక్కి లాగాడు.

చీర రాలేదు. అవతలి కొసను ఎవరో పట్టుకుని ఉన్నారు.

రెండో దెబ్బ పడింది. పెచ్చులు రాలాయి. ఎక్కడో ఇనుము విరిగిన చప్పుడు.

అప్పుడు చీకట్లోంచి, దూరంగా, ఒక గొంతు మెల్లగా అంది.

"గట్ల గుంజకు… జరీ పోతది."

బాలరాజ్ ఏడుస్తున్నాడు. తనకే తెలియకుండా ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు ఇంట్లో ఉతికిన చీరలకు అతనే రెండో కొస పట్టేవాడు. కొస చేతిలో ఉన్నప్పుడు ఏం చెయ్యాలో చేతులకు గుర్తుంది. చీరను చుట్టుకుంటూ అడుగు ముందుకు వేశాడు. ఇంకో అడుగు. పారిపోవడానికి దారి కనపడదు, కప్పు ఏ క్షణాన పడుతుందో తెలియదు. ఉన్న దారి ఆ చీర ఒక్కటే.

చీర దగ్గరవుతోంది. అవతలివాళ్ళూ నడుస్తున్నారు. అడుగులు వినపడుతున్నాయి, మెల్లగా, ఈడ్చుకుంటూ.

మధ్యలో చేతులు తగిలాయి.

ముసలి వేళ్ళు. చల్లగా లేవు. వేడిగా, చెమటగా ఉన్నాయి. మణికట్టు మీద మట్టిగాజులు చప్పుడు చేశాయి.

మెషిన్ మూడో దెబ్బకు ముందు గోడ పైభాగం విరిగి కింద పడింది. ఆ సందులోంచి వీధిలో పెట్టిన పెద్ద దీపం వెలుగు లోపలికి వచ్చింది.

ఎదురుగా సున్నం కొట్టుకుపోయిన తలతో అతని తల్లి నిలబడి ఉంది.

"అమ్మా!"

"మెల్లగ," అంది లలితమ్మ, వేలు పెదాల మీద పెట్టి. "సేఠ్ ఇంటడు."

"నువ్వీడ ఏం జేస్తున్నవే అమ్మా? పిలిస్తే పలుకవేంది!"

"మెట్ల కాడికెళ్లి పిలిస్తే పలుకొద్దు గద."

బాలరాజ్ ఆమె రెక్క పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు. నేల మీద ఇంకో చీర పడి ఉంది. దాని వైపు చూపించింది.

"గిదొక్కటే ఉన్నది బిడ్డా. గిదయితే పోదాం. ఆనాడు సగంల ఇడిచి పోయిన… మల్ల ఇడిచి పోలేను."

నాలుగో దెబ్బ. కప్పు మధ్యలో పగులు పడింది, దాని పొడవునా దుమ్ము దిగింది. బాలరాజ్‌కు ఆమెను ఎత్తుకుని పరుగెత్తాలని ఉంది. కానీ ఆమె ఏడుపు మొహం పెట్టి, ముప్ఫై రెండేళ్ళ నాటి తప్పును ఆ చీర రూపంలో చూస్తోంది. గుంజితే అల్మారాను పట్టుకుని వదలదని అతనికి తెలుసు. ఒక్క గెంతు గెంతి ఆ చీర కొస అందుకున్నాడు.

"పట్టిన. నువ్వు పట్టు. జల్ది!"

ఫట్.

ఇద్దరూ ఎదురెదురు నడిచారు. కొస కొసకు కలిసింది. లలితమ్మ మడత సరిచేసి, గోడవార వరసలో పెట్టి, అరచేత్తో ఒత్తింది. అప్పుడు గానీ కొడుకు చంక కిందికి రాలేదు.

మెట్ల దగ్గరికి వచ్చి పడ్డారు. మెషిన్ చేయి మళ్ళీ పైకి లేస్తోంది. అరిస్తే వినపడదు, ఫోను లోపలే ఉండిపోయింది. బాలరాజ్ ఇందాక చుట్టుకున్న ఎర్ర చీర ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మెట్ల కిటికీలోంచి బయటికి వదిలి పిచ్చివాడిలా ఊపాడు.

విశాల్ తలెత్తి చూశాడు. నౌబహార్ రెండో అంతస్తు కిటికీలోంచి, నడిరాత్రి, ఎర్రచీర ఊగుతోంది.

వాడు మెషిన్ ఆపలేదు, దిగలేదు, దూకాడు. చెప్పులు అక్కడే వదిలేసి నయాపూల్ దాకా ఒకే పరుగు. నడిపేవాడు లేక మెషిన్ ఎత్తిన చేయి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ పిరికి వెధవ పరుగే ఆ రాత్రి రెండు ప్రాణాలు కాపాడింది.

*

వాణ్ణి వెతికి, బుజ్జగించి తీసుకొచ్చేసరికి మూడున్నర. మరో పావుగంటకు ఆ కప్పు దిగింది. దుమ్ము తగ్గాక పైన నక్షత్రాలు కనిపించాయట. అప్పటికి లలితమ్మ ఖాజా భాయ్ కొట్టు బల్ల మీద దుప్పటి కప్పుకుని టీ తాగుతోంది.

ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. కొడుకు రాత్రి డ్యూటీకి పోయాక, కోడలు నిద్రపోయాక, గౌలిపుర నుంచి నడిచి వచ్చేది. వెనక సందులో పనివాళ్ళ తలుపుకు చెయ్యి దూరే కంత ఉంది, లోపలి గొళ్ళెం తీసే ఉపాయం ఆమెకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ తలుపు ఒకటుందని మాకెవ్వరికీ తెలియదు. నా నక్షాలో కూడా లేదు.

ఇదంతా బాలరాజ్ నాకు ఖాజా భాయ్ కొట్టులోనే చెప్పాడు, బజారు తెరిచిన వారానికి. రాత్రి పదకొండు దాటింది. ఎదురుగా ఆవరణలో దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతున్నారు. నాకు గుండె మీది నుంచి బరువు దిగింది. చప్పుడుకు కారణం దొరికింది, మడతలకు కారణం దొరికింది. దెయ్యం లేదు, పాపం ఒక మతిమరుపు ముసలావిడ.

"చూశావా, నేను చెప్పానా?" అన్నాను. "తాగుబోతు కాకపోతే మీ అమ్మగారు."

బాలరాజ్ నవ్వలేదు.

"ఆ పొద్దుగాల అమ్మనడిగిన సార్. ఇన్ని రోజులు నువ్వొక్కదానివే ఎట్ల మడత వెట్టినవే అని. పట్టుచీరకు ఇద్దరు గావాలె గద."

"ఏమందీ?"

"కాశమ్మక్క పట్టింది అన్నది."

నేను సర్దుకుని కూర్చున్నాను. "ఆవిడకు మతి లేదు కదయ్యా. ఏదో అంటుంది. మేకుకు కట్టి ఉంటుంది."

"గదే అనుకున్న సార్ నేను గూడ. కని ఇంకో మాటన్నది. 'గా రాత్రి కాశమ్మక్క అన్నది — నీ కొడుకొచ్చిండు లలితా, ఇగ నా కొస వానికిచ్చి పోత.' గిట్లన్నది."

"నీ చేతిలో ఆ కొస పెట్టింది మీ అమ్మగారే. పెట్టి అవతలికి నడిచి ఉంటారు. చీకట్లో నీకు తెలీలేదు."

బాలరాజ్ ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మా అమ్మ లవంగం తినదు సార్… గదీ ఇడవండి. నా చేతిల పెట్టినప్పుడే ఆ చీర బిగుతుగ ఉండె. గుంజి పట్టినట్టు. ఆ కొసకు అమ్మ ఉన్నది, ఆరు గజాల అవతల. ఆమె గొంతు ఆడికెళ్లే వచ్చింది, నా చెవులతోని ఇన్న. మరి ఈ కొసకు…"

అక్కడ ఆపేశాడు.

వెనక ఖాజా భాయ్ కొట్టు కట్టేస్తూ బల్ల మీది గుడ్డ తీసి ఒక్కసారి విదిలించాడు.

ఫట్.

ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం.